నలభై ఒకటో ప్రశ్న

గంగమణి ఏ ఇంటి ముందు నిలబడినా ముందు మంచినీళ్లు అడుగుతుంది. దాహం ఉన్నా లేకపోయినా అడుగుతుంది. చెంబుతో నీళ్లు తెచ్చిచ్చినవాళ్లు వెంటనే పొమ్మనలేరు. ఆమె ఆ నీళ్లు తాగేలోపల ఇంటివాళ్లు మెడలో వేలాడే కార్డును, భుజాన ఉన్న సంచిని, అరిగిన చెప్పులను ఒకసారి చూసుకుంటారు. అప్పుడు చెంబు తిరిగిచ్చి, తన పేరూ ఊరూ చెప్పి, "మీతోని ముప్పావు గంట మాట్లాడాలె" అంటుంది. లోను అనదు, పథకం అనదు, ఓటు అనదు. ఈ మూడింట్లో ఏ మాట ముందుగా జారినా ఆ తర్వాతి జవాబులన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదిహేనేళ్లు గడప గడపకూ తిరిగి నేర్చుకుంది.

దేశంలో జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి కొన్నేళ్లకోసారి పెద్ద సర్వేలు జరుగుతాయి. కులం కాని పెళ్లికి మీరు ఒప్పుకుంటారా, పోలీసులను ఎంత నమ్ముతారు, ఆడమనిషి సర్పంచి అయితే పెత్తనం ఎవరిది, ఓటు వేస్తే ఏమైనా మారుతుందా... ఇలాంటివి ఈసారి డెబ్భై ఎనిమిది ప్రశ్నలు. ప్రశ్నలు ఢిల్లీలో తయారవుతాయి. హైదరాబాదులోని ఏజెన్సీ వాళ్లు తెలుగు చేయిస్తారు. ఆర్మూరు చుట్టుపక్కల వాటిని జనం ముందు పెట్టేది గంగమణి లాంటి నలుగురు. తర్వాత ఎప్పుడో పేపర్లో "నూటికి ఇంతమంది ఇలా అన్నారు" అని ఒక వాక్యం పడుతుంది. ఆ ఇంతమందిలో కొందరు తన ఎదుట కూర్చుని మాట్లాడినవాళ్లే. ఆమె ఆ పేపరును మడిచి పెట్టెలో దాచుకుంటుంది.

అంతకుముందు ఆమె బీడీలు చుట్టేది. పెళ్లయిన రెండేళ్లకే పెర్కిట్లోని తల్లి ఇంటికి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందని అడిగినవాళ్లకు తల్లి ఆశమ్మే ఏదో ఒకటి చెప్పి పంపేది. తల్లీకూతుళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. తునికాకును ఒకే కొలతకు కత్తిరించాలి, తంబాకు సమంగా పోయాలి, బిగువుగా చుట్టి కొస మడవాలి. ఎప్పుడైనా వదులుగా వచ్చిన బీడీని గంగమణి కట్ట మధ్యలో దాచబోతే ఆశమ్మ పట్టేసేది.

"చూసేటోనికి కనవడకపోవచ్చునే. నీ చెయ్యికి తెల్వదా?" అని విప్పించేది.

ఒక ఏడాది సర్వేవాళ్లు, ఆడవాళ్లతో మాట్లాడేందుకు తోడుగా ఒక మనిషి కావాలని వాడలోకి వచ్చారు. గంగమణి మూడు రోజులు వాళ్ల వెంట నడిచింది. నాలుగో రోజు, సర్వేకు వచ్చిన అమ్మాయికి జ్వరం వస్తే కాగితాలు తనే పట్టుకుని అడిగింది. ఆ తర్వాత ఓపెన్ స్కూల్లో పది పాసయింది. కాగితాలు పోయి ట్యాబులు వచ్చినప్పుడు, చేతికిచ్చిన ట్యాబును రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని, ఆశమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, నలభై సార్లు ప్రశ్నలడిగి నేర్చుకుంది.

పనిలో ఆమెకు కొన్ని పట్టింపులున్నాయి. జవాబు విన్నాక మంచిదనీ అనదు, చెడ్డదనీ అనదు. తల కూడా ఊపదు. ఎవరైనా "ఏమో" అంటే వెంటనే "చెప్పలేను" అన్న గడి నొక్కేయదు. ఏమోలు మూడు రకాలని ఆమె లెక్క. నిజంగా తెలియని ఏమో ఒకటి. తెలుసు గానీ నీకెందుకు చెప్పాలనే ఏమో ఇంకొకటి. మూడోది, మనసులో వెతుక్కుంటున్న ఏమో. ఈ మూడో దాని కోసం మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగాలి. చాలామందికి జవాబు నాలుగో అంకె దగ్గర దొరుకుతుంది.

అన్నిటికంటే పెద్ద పట్టింపు, ప్రశ్నను అచ్చులో ఎలా ఉందో అలాగే చదవడం. అర్థం కాలేదంటే మళ్లీ అదే చదవాలి. ఇంకా కాలేదంటే ఇంకోసారి. సొంత మాట కలపకూడదు. పదిహేనేళ్లలో ఆమె ఆ గీత దాటలేదు.

పొద్దున పనికి బయలుదేరేటప్పుడు ఆశమ్మ గడపలో నిలబడి ఒకే మాట అనేది. "పైలం బిడ్డా." జాగ్రత్త అని. వాన రోజైనా, ఎండ రోజైనా, తల్లీకూతుళ్లు మాట్లాడుకోని రోజైనా ఆ మాట మాత్రం మానేది కాదు. గంగమణి వెనక్కి తిరక్కుండానే "సరే అవ్వా" అనేది.

మొన్న కార్తీకంలో ఆశమ్మ పోయింది. అప్పటి నుంచి గంగమణి ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చప్పుడు లేకుండా బయలుదేరుతోంది.

*

మాఘంలో కొత్త సర్వే మొదలైంది. తల్లి పోయాక ఇదే మొదటిది. గంగమణికి మోర్తాడు అవతల ఒక ఊరు పడింది. సర్వే జరిగిన ఊరి పేరు బయట చెప్పకూడదన్నది నియమం, ఆమె ఎవరికీ చెప్పలేదు. పొలాల్లో పసుపు ఉడుకుతోంది. ఊరంతా ఆ పచ్చి వాసనే. ఇరవై నాలుగు ఇళ్లు, ఇరవై నాలుగు మంది.

మొదటి ఇల్లు చిన్నవ్వది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, అరుగు మీద కూర్చుని ఇంకా బీడీలు చుడుతోంది. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల పేర్లన్నీ నమోదు చేస్తే ట్యాబే ఒక పేరు తీస్తుంది. చిన్నవ్వ పేరు తీసింది. పక్కనే మంచం మీదున్న ఆమె భర్త అంజన్న లేచి కూర్చున్నాడు.

"దానికేం తెల్సు? నన్నడుగు."

"యాభై ఏండ్ల సంది నన్ను ఒక్కలన్న ఏమన్న అడిగిండ్రా? ఇయ్యాల అడుగుతుంటె నడుమల నీ లొల్లేంది?" అంది చిన్నవ్వ, చేతిలో ఆకు వదలకుండా.

"తాతా, జర వాకిట్ల కూసో. ఎవలన్న అస్తె లోపలికి రాకుండ ఆపాలె. గది మీ డ్యూటీ" అంది గంగమణి. డ్యూటీ అనేసరికి అంజన్న తువాలు దులుపుకుని, పెద్ద పని మీద పోతున్నట్టు వాకిట్లోకి నడిచాడు.

నలభై ప్రశ్నలు బాగానే నడిచాయి. నలభై ఒకటి వచ్చింది. గంగమణి ఉన్నదున్నట్టు చదివింది: "సాధారణంగా చూస్తే, చాలామంది మనుషులను నమ్మవచ్చని మీరు భావిస్తారా, లేక మనుషులతో వ్యవహరించేటప్పుడు ఎంతో జాగ్రత్తగా ఉండాలని భావిస్తారా?"

చిన్నవ్వ చెయ్యి ఆగింది. "ఏం వ్యవహారమే? భూమి వ్యవహారమా?"

గంగమణి మళ్లీ చదివింది.

"మాకు భూమి లేదు బిడ్డా. ఏ వ్యవహారం లేదు. మంచిగనే ఉన్నం."

మూడోసారి చదవాలి. గంగమణి నోరు తెరిచింది. అంతలో ఏమైందో, ఆమెకే తెలియకుండా మాట మారిపోయింది.

"గట్ల గాదవ్వా. మనుషులను నమ్మొచ్చంటవా, పైలంగ ఉండాలంటవా?"

చిన్నవ్వ వెంటనే తలెత్తింది. "పైలంగ ఉండాలె బిడ్డా."

గంగమణి జాగ్రత్తగా ఉండాలి అన్న రెండో గడి నొక్కి నలభై రెండుకు పోయింది. ఆ ఊళ్లో మిగతా ఇరవై మూడు ఇళ్లలోనూ నలభై ఒకటో ప్రశ్నను అచ్చులో చదవలేదు. పైలం అనే అడిగింది. జనానికి తేలిగ్గా అర్థమవుతోంది కదా అనుకుంది.

*

వారం తర్వాత ఆర్మూరు బస్టాండు పక్కన చాయ్ తాగుతుంటే బషీర్ కబురు తెచ్చాడు. బషీర్ ఆమెతో పాటే సర్వే చేస్తాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండింట్లోనూ వాగుడే. ఈసారి అతనికి నందిపేట్ వైపు ఊళ్లు పడ్డాయి.

"అక్కా, నీ ఊరు హైదరాబాద్ కంప్యూటర్ల ఎర్రగ అయ్యిందంట."

"ఎర్రగేంది?"

"ఇరవై నాలుగు మందిల ఇరవై ఒక్కలు ఒక్కటే జవాబు చెప్పిండ్రంట. మనుషులను నమ్మొద్దని. నా ఊర్ల సగం సగం అచ్చింది. నువ్వేమో హోటల్ల కూసొని నింపినవ్ అంటున్నరు." నవ్వించాలని చూశాడు గానీ ఆమె ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు. "ఫికర్ చెయ్యకు. నువ్వు హోటల్లకు వోతె చాయ్ పైసల్ గూడ నాతోనే ఇప్పిస్తవ్. నీకు గంత తెలివి యాడిది?"

ఆమెకు నవ్వు రాలేదు. ఇళ్లకు పోకుండా ఒకచోట కూర్చుని జవాబులు నింపేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్ల గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడేది కూడా కాదు, నోరు పాడవుతుందన్నట్టు. ఇప్పుడు ఆ వరసలో తన పేరు పెట్టారు. ఇంటికి పోయి ఈ సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి లేదు. చెప్పి ఉంటే ఆశమ్మ ఏమనేదో కూడా తెలుసు. "పోయినవా, పోలేదా? పోతివి గద. మరేంది?" అనేది. ఆ మాటను తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. తల్లి చెప్పినట్టు అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజర్ ప్రవళిక మామిడిపల్లి చౌరస్తాలోని లాడ్జికి రమ్మంది. ముప్పై నిండని అమ్మాయి, నిజామాబాదులో పెరిగి హైదరాబాదులో పని చేస్తోంది. గదిలో మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అడుగుతున్న మాటల్లో కొంత భాగాన్ని ట్యాబు తనంతట తానే రికార్డు చేస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే అడుగుతారు.

"నాకు మీ మీద అనుమానం లేదక్కా. కానీ పైనోళ్లకు చెప్పాలంటే వినాలి కదా. గొంతులు వేరువేరుగా ఉంటే చాలు, నేను ఓకే పెట్టేస్తా" అంది ప్రవళిక.

మొదట చిన్నవ్వ గొంతు వచ్చింది. బీడీ ఆకు చప్పుడు. వాకిట్లో ఎవరినో ఆపుతున్న అంజన్న దగ్గు. తర్వాత గంగమణి గొంతు, "పైలంగ ఉండాలంటవా?"

"పైలంగ ఉండాలె బిడ్డా. ఒక్కదానివి ఊర్లు వట్టుకోని తిరుగుతున్నవ్."

"సరే అవ్వా."

గంగమణి ఉలిక్కిపడింది. ఆ చివరి మాట తనది. జవాబుకు తల కూడా ఊపని తను సరే అంది. తన గొంతే అయినా అది పనిలో వాడే గొంతు కాదు. గడప దిగుతూ వెనక్కి తిరక్కుండా అనే గొంతు.

ప్రవళిక రెండోది పెట్టింది. ఎవరో మగమనిషి, పసుపు కల్లం దగ్గర. "పైలంగనే ఉండాలె చెల్లె. ఎండ ముదురుతుంది, జర నీళ్లు తాగుకుంట తిరుగు."

"సరే అన్నా."

మూడోది ఒక పడుచు పిల్ల. "పైలం అత్తమ్మా, గా మలుపు కాడ కుక్కలున్నయ్."

"సరే బిడ్డా."

ప్రవళిక నవ్వింది. "సరిపోయింది. ఇన్ని గొంతులు ఎవరు చేయగలరు? మూడు వేరువేరు ఇళ్లు, వేరువేరు మనుషులు. క్లియర్ అక్కా." ఆకుపచ్చ గడి మీదికి వేలు పోయింది.

"ఆగుండ్రి మేడం."

"ఏమైంది?"

"గవ్వి జవాబులు కావు."

ప్రవళికకు అర్థం కాలేదు. గంగమణి ల్యాప్‌టాప్ వైపే చూస్తూ చెప్పింది. "నేను లోకం గురించి అడిగిన. వాళ్లు నా గురించి చెప్పిండ్రు. మనుషులను నమ్మొద్దని ఒక్కలు గూడ అనలేదు. పైలం అని నేనంటె, పైలం బిడ్డా అని వాళ్లన్నరు. గంతే. దాన్ని నేను నమ్మకం లేదని నొక్కిన."

"ఒక్క పదమే కదక్కా. అర్థం అదే కదా?"

"పేపర్ల అర్థం అదే. ఇండ్లల్ల గాదు."

ప్రవళిక గొంతు తగ్గించింది. "చూడండక్కా, మీరు ఇళ్లకు పోయారా లేదా అన్నదే వాళ్ల అనుమానం. అది తీరిపోయింది. ఈ పదం సంగతి ఎవరూ అడగలేదు. మీరు రాసిస్తే మాత్రం ప్రశ్న మార్చినట్టు అవుతుంది. వచ్చే రౌండుకు మిమ్మల్ని పిలవరు."

పిలవరు. గంగమణి ఆ మాటను లోపల ఒకసారి తిప్పుకుంది. ఈ పని లేకపోతే పొద్దున తాళం వేసి పోవడానికి చోటు లేదు. ముప్పావు గంట ఎదుట కూర్చుని మాట్లాడే మనిషి లేదు. బీడీల చాట అటక మీద ఉంది. ఎదురుగా కూర్చునే రెండో చాట కూడా అక్కడే ఉంది.

"తంబాకు లేకుంట చుట్టిన బీడీ గూడ పైకి బీడీ లెక్కనే ఉంటది మేడం" అంది. "కాయిదం ఇయ్యుండ్రి."

నాలుగు వాక్యాలు రాసింది. ప్రశ్నలో పదం మార్చాను. ఇరవై నాలుగు ఇళ్లలోనూ మార్చాను. ఆ జవాబులు లెక్కలోకి తీసుకోవద్దు. మిగతా ప్రశ్నలు అచ్చులో ఉన్నట్టే అడిగాను. కింద "కారణం" అని రాసి ఆగింది. ఆమెకు కారణం తెలుసు. చిన్నవ్వ దగ్గర నోరు జారడం ఒకటి, తర్వాత ఇరవై మూడు ఇళ్లలో ఆ మాటనే పట్టుకుని పోవడం ఒకటి. మూడు నెలలుగా ఎవరూ అనని మాటను ఇరవై ఒక్కసార్లు అనిపించుకుంది. దాన్ని ఏ తెలుగులో రాయాలో తోచలేదు. సెలవు చీటీలో రాసినట్టు "సొంత కారణం" అని రాసి సంతకం పెట్టింది.

*

రెండు రోజుల తర్వాత ప్రవళిక ఫోను చేసింది. ఆ ఒక్క ప్రశ్ననే మళ్లీ అడగాలి. అచ్చులో ఉన్నట్టు అడగాలి, ప్రతి మాటా రికార్డు కావాలి. ఆ ఊరు తెలిసిన మనిషి కాబట్టి గంగమణే పోవచ్చు. పని అయ్యాక ట్యాబు అప్పజెప్పాలి. తర్వాతి జాబితాలో ఆమె పేరు ఉండదు. చివరి మాట చెప్పేటప్పుడు ప్రవళిక రెండుసార్లు దగ్గింది.

మోర్తాడు బస్సెక్కబోతుంటే బషీర్ ఎదురొచ్చాడు. విషయం అప్పటికే అతనికి తెలుసు.

"నోరు మూసుకోని ఉంటె అయిపోవు గదక్కా. నిన్నెవలు అడిగిండ్రు?"

"ఎవలు అడగలేదు."

"మరి?"

ఆమె జవాబు చెప్పేలోపల కండక్టరు విజిల్ వేశాడు. బషీర్ కిటికీ పక్కన రెండడుగులు నడిచి, ఇంకేదో జోకు వేయబోయి, చెయ్యి ఊపి ఆగిపోయాడు.

ఊళ్లో ఉడికిన పసుపు ఇప్పుడు కల్లాల్లో ఎండుతోంది. చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. రెండు ఇళ్లకు తాళాలు. మిగతావాళ్లు, "మళ్ల అచ్చినవా? ఒక్క ప్రశ్నకేనా?" అని వింతగా చూశారు. ఆమె నీళ్లు అడిగింది, తాగింది, ప్రశ్న చదివింది. అర్థం కాలేదన్నవాళ్లకు మళ్లీ చదివింది. ఇంకా కాలేదన్నవాళ్లకు ఇంకోసారి చదివింది. ఆగాల్సిన చోట ఐదు లెక్కపెట్టింది. పసుపు కల్లం దగ్గర మనిషి నమ్మకూడదన్నాడు. తమ్ముడి గురించి ఒక కథ చెప్పబోయి మానేశాడు. పడుచు పిల్ల నమ్మొచ్చంది. ఒక ముసలాయన "ఏమో" అని, ఐదు దాటినా ఏమో దగ్గరే ఉండిపోయాడు. ఆయనకు చెప్పలేను గడి నొక్కింది. ఎవరి జవాబుకూ తల ఊపలేదు. ఎవరూ ఆమెను పైలం అనలేదు. అనడానికి ఆ ప్రశ్నలో చోటు లేదు.

చిన్నవ్వ ఇల్లు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆమె అదే అరుగు మీద ఉంది. అంజన్న ఈసారి చెప్పకుండానే తువాలు భుజాన వేసుకుని వాకిట్లో డ్యూటీకి కూర్చున్నాడు.

గంగమణి ట్యాబు తెరిచి చదివింది. "...మనుషులతో వ్యవహరించేటప్పుడు ఎంతో జాగ్రత్తగా ఉండాలని భావిస్తారా?"

"మళ్ల గదే వ్యవహారం దెచ్చినవా?" అంది చిన్నవ్వ. "మొన్న మంచిగ అడిగితివి గదనే. గట్లనే అడుగు."

గంగమణి మళ్లీ అచ్చులో ఉన్నట్టే చదివింది. మాట మారలేదు. మూడోసారి కూడా చదివింది. తర్వాత లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. చిన్నవ్వ ఒక బీడీ కొస మడిచి కట్టలో పెట్టింది. మూడు. నాలుగు.

"నమ్మకపోతే నిన్ను అరుగు మీదికి రానిస్తనానే?" అంది చిన్నవ్వ. "నమ్మొచ్చు. రాసుకో."

మొదటి గడి నొక్కింది. రికార్డు ఆగిన గుర్తు పడింది. ఇరవై రెండు పూర్తయ్యాయి. పన్నెండు మంది నమ్మొచ్చన్నారు, తొమ్మిది మంది జాగ్రత్తగా ఉండాలన్నారు, ఒకరు ఏమో. ఆమె ట్యాబును గుడ్డతో తుడిచి సంచిలో పెట్టింది. మళ్లీ తెరిచే పని లేదు.

"ఇగ రావా?" అంది చిన్నవ్వ, ఆకుల్లోంచి తలెత్తకుండా.

"రానవ్వా. పని అయిపోయింది."

అరుగు దిగి చెప్పులు వేసుకుంది. కాసేపు అక్కడే నిలబడింది. చిన్నవ్వ వేళ్లు తంబాకు పోసి, చుట్టి, మడుస్తున్నాయి. ఏమీ అనలేదు. ఎందుకంటుంది? ఎవరూ అడగలేదు కదా.

అప్పుడు గంగమణే అంది.

"పైలం అవ్వా."

చిన్నవ్వ చేతులాపి ఆమె వంక చూసి నవ్వింది. నోట్లో రెండు పళ్లు కనిపించాయి.

"నాకెందుకే పైలం? నేనేడికి వోతున్న? పొయ్యేదానివి నువ్వు."

"అవునవ్వా" అంది గంగమణి. సంచి భుజానికి ఎత్తుకుని, వాకిట్లో అంజన్నకు డ్యూటీ అయిపోయిందని చెప్పి, ఆర్మూరు బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.